సిటిజెన్‌షిప్ ఫైల్ తొందరగా చూడమని అడగాలంటే "జాబ్ వచ్చింది" అని చెప్తే సరిపోతుందా?

కెనడాలో పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) మీద ఉన్న మనవాళ్ళ మధ్య ఈ మధ్య తరచుగా నలుగుతున్న ప్రశ్న ఇది. సిటిజెన్‌షిప్‌కి అప్లై చేసి ఆర్నెల్లో ఏడు నెలలో అయ్యుంటుంది, ఈలోగా డాలస్ నుంచో సియాటిల్ నుంచో ఒక ఆఫర్ వస్తుంది, కంపెనీ వాళ్ళు టీఎన్ మీద, అంటే కెనడా, మెక్సికో పౌరులకి అమెరికాలో పని చేసుకోవడానికి ఇచ్చే స్టేటస్ మీద వచ్చేయమంటారు, టీఎన్ కావాలంటే కెనడా సిటిజెన్ అయ్యుండాలి, మరి ఈ ఫైల్ కాస్త ముందుకి జరపండి అని ఐఆర్‌సీసీని, అంటే అక్కడి ఇమిగ్రేషన్ డిపార్ట్‌మెంట్‌ని, అడగొచ్చా? అడగొచ్చు. దానికి ఒక పద్ధతి కూడా పెట్టారు. కానీ "ఉద్యోగం కోసం వేరే చోటికి వెళ్ళాలి" అని మాత్రం రాసి పంపిస్తే ఆ రిక్వెస్ట్ నిలబడటం కష్టం. ఉద్యోగం ఉందా లేదా అన్నది ఆఫీసర్‌కి పెద్ద విషయం కాదు. ఆ ఉద్యోగానికి సిటిజెన్‌షిప్పే కావాలా, పీఆర్‌తోనో వర్క్ వీసాతోనో గడవదా, ఏ తేదీలోపు కావాలి, రాకపోతే ఏం పోతుంది, వీటికి కాగితం మీద జవాబు ఉందా అన్నదే చూస్తారు.

ఈ ప్రశ్న ఇంత ఎక్కువ అవడానికి కారణం అమెరికా వైపు ఉంది. 2025 సెప్టెంబర్‌లో అమెరికా అధ్యక్షుడు ఇచ్చిన ప్రకటనతో అమెరికా బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్లకి లక్ష డాలర్లు కట్టాలన్నారు, అసలు అంతకుముందే లాటరీతో విసిగిపోయి ఉన్నారు, దాంతో కెనడాలో ఉన్న ఇండియన్‌ని తీసుకోవాలనుకునే కంపెనీకి "సిటిజెనా, పీఆరా" అన్నది మొదటి ప్రశ్న అయిపోయింది. సిటిజెన్ అయితే టీఎన్ ఉంది. 1994లో నాఫ్టా అనే వాణిజ్య ఒప్పందంతో మొదలై 2020 జులై నుంచి యూఎస్‌ఎంసీఏ ఒప్పందం కింద నడుస్తున్న ఈ స్టేటస్‌కి లాటరీ లేదు, కెనడా సిటిజెన్‌కి వీసా స్టాంపింగ్ కూడా అక్కర్లేదు, కంపెనీ లెటరూ డిగ్రీ కాగితాలూ పట్టుకుని పీస్ బ్రిడ్జ్ లాంటి బోర్డర్ దగ్గరో, టొరంటో పియర్సన్ ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కకముందే తనిఖీ చేసే అమెరికా ప్రీక్లియరెన్స్ దగ్గరో అడిగితే ఒకేసారి మూడేళ్ళ వరకు ఇస్తారు, తర్వాత పొడిగించుకోవచ్చు. ఒప్పందం లిస్టులో ఉన్న వృత్తి అయ్యుండాలి, ఇంజనీర్, కంప్యూటర్ సిస్టమ్స్ అనలిస్ట్, అకౌంటెంట్, ఫార్మసిస్ట్, రిజిస్టర్డ్ నర్స్, ఫిజియోథెరపిస్ట్ లాంటివి. పీఆర్‌కి మాత్రం ఇందులో చోటే లేదు, పదేళ్ళుగా బ్రాంప్టన్‌లో ఇల్లు కొనుక్కుని ఉన్నా సరే.

ఇక్కడే ఒక మాట పక్కన చెప్పేసుకోవాలి, ఎందుకంటే చాలామంది లెక్క ఇక్కడ తప్పుతుంది. కెనడా పాస్‌పోర్ట్ వస్తే అమెరికా గ్రీన్‌కార్డ్ లైన్ కూడా తగ్గిపోతుందనుకుంటారు. తగ్గదు. ఆ లైన్ పుట్టిన దేశాన్ని బట్టి నడుస్తుంది, పాస్‌పోర్ట్‌ని బట్టి కాదు, గుంటూరులో పుట్టినవాళ్ళు కెనడియన్ అయినా ఇండియా లైన్‌లోనే ఉంటారు (భార్యో భర్తో వేరే దేశంలో పుట్టి ఉంటే అది వేరే సంగతి). పైగా టీఎన్ అనేది తాత్కాలికంగా వచ్చి పని చేసుకుని వెళ్ళేవాళ్ళ కోసం, హెచ్-1బీ మీద ఉన్నట్టు గ్రీన్‌కార్డ్ ఉద్దేశం పైకి పెట్టుకుని ఉండటం దాంట్లో కుదరదు. అంటే తొందరపడి సిటిజెన్‌షిప్ తెచ్చుకుంటే ఆ ఒక్క ఉద్యోగం దారి తెరుచుకుంటుంది, అంతకుమించి ఏమీ మారదు.

సరే, రిక్వెస్ట్ సంగతి. ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే అర్జెంట్ అని అడిగితే క్యూలో చోటు మారుతుందేమో గానీ రూల్ ఏదీ సడలదు. అప్లై చేసే తేదీకి ముందు ఐదేళ్ళలో 1,095 రోజులు కెనడా గడ్డ మీద ఉండాలన్నది 2017 అక్టోబర్ నుంచి ఉన్న రూల్, పీఆర్ రాకముందు స్టడీ పర్మిట్ మీదో వర్క్ పర్మిట్ మీదో ఉన్న రోజులు సగం చొప్పున, గరిష్టంగా 365 రోజుల వరకు కలుపుతారు. 18 నుంచి 54 ఏళ్ళ మధ్య వాళ్ళకి ఇంగ్లీషో ఫ్రెంచో వచ్చన్న రుజువు, 20 ప్రశ్నల్లో 15 కరెక్ట్ కావాల్సిన టెస్ట్, అవసరమైనవాళ్ళకి ఐదేళ్ళలో మూడేళ్ళ ట్యాక్స్ ఫైలింగ్, ఆ తర్వాత ఓత్, అంటే పౌరసత్వ ప్రమాణం. వీటిలో ఒక్కటి కూడా ఆఫర్ లెటర్ చూపిస్తే పోదు. 1,060 రోజులు ఉన్నాయి, మిగతా 35 రోజులు ఉద్యోగం కారణంగా వదిలేయండి అని అడగడానికి అసలు అర్జెంట్ పద్ధతిలో వీలే లేదు. చట్టంలో 5(4) అని ఒక సెక్షన్ ఉంది, అసాధారణమైన కష్టం ఉన్నవాళ్ళకీ, ఏ దేశపు పౌరసత్వమూ లేనివాళ్ళకీ, కెనడాకి ప్రత్యేకమైన సేవ చేసినవాళ్ళకీ రూల్స్ పక్కన పెట్టి పౌరసత్వం ఇవ్వొచ్చని, కానీ మంచి జీతం ఉన్న ఆఫర్ చేజారిపోవడాన్ని ఆ స్థాయి కష్టంగా వాదించడం దాదాపు వృథా ప్రయాస.

ఇంకో సంగతి, అర్జెంట్‌కి ఫీజు లేదు. హెచ్-1బీకి ప్రీమియం ప్రాసెసింగ్ కట్టి కట్టి అలవాటైన మనవాళ్ళకి ఇది కాస్త వింతగా ఉంటుంది, డబ్బులు కట్టేద్దాం పదిహేను రోజుల్లో వచ్చేస్తుంది అన్న ఆలోచనే ముందు వస్తుంది. సిటిజెన్‌షిప్‌కి అలాంటి కౌంటర్ లేదు. పెద్దవాళ్ళకి ప్రాసెసింగ్ ఫీజు 530 డాలర్లు, దాని మీద సుమారు 120 డాలర్ల రైట్ ఆఫ్ సిటిజెన్‌షిప్ ఫీజు, అందరికీ ఇదే. కాబట్టి "ఇంత ఇస్తే ఎక్స్‌పెడైట్ చేయించేస్తాం" అనే ఏజెంట్ ఎవరైనా కనబడితే అతను అమ్ముతున్నది మీరే రాసుకోగలిగిన ఒక ఉత్తరం మాత్రమే.

ఐఆర్‌సీసీ ఒప్పుకునే కారణాలు కొన్నే. ఉద్యోగం రావడానికో, ఉన్న ఉద్యోగం పోకుండా ఉండటానికో సిటిజెన్‌షిప్ కావాలి, లేదా ఇంట్లో ఎవరో చనిపోయారో తీవ్రంగా జబ్బు పడ్డారో, ఇప్పుడున్న దేశం పాస్‌పోర్ట్ మీద వెళ్ళలేని పరిస్థితి ఉంది, లేదా ఫెడరల్ కోర్టులో కేసు గెలిచి వచ్చారు, ఇలాంటివి. పేపర్ అప్లికేషన్ అయితే కవరు మీద అర్జెంట్ అని రాసి, లోపల కారణం వివరిస్తూ ఒక లెటర్, దానికి ఎంప్లాయర్ లెటర్ లాంటి ఆధారం పెట్టాలి, ఆల్రెడీ అప్లై చేసేసి ఉంటే వెబ్‌ఫామ్ ద్వారా అవే కాగితాలు అప్‌లోడ్ చేయాలి. అర్హత ఉన్నా సరే టైముకి ఇస్తామని గ్యారంటీ లేదని వాళ్ళే ముందే చెప్పేస్తారు. మామూలు ఫైల్‌కి వాళ్ళు పెట్టుకున్న ప్రమాణం 12 నెలలు, అర్జెంట్ అని ఒప్పుకున్న ఫైల్‌కి ఇన్ని రోజులు అన్న లెక్కేమీ చెప్పరు.

ఇప్పుడు అసలు కష్టం చూడండి. నిజంగా సిటిజెన్‌షిప్ లేకపోతే కుదరని ఉద్యోగాలు కెనడా లోపల మనం అనుకునేదానికన్నా చాలా తక్కువ. ఫెడరల్ గవర్నమెంట్ జాబ్‌కి సిటిజెన్ అయితేనే మేలు అన్న మాట ఒకప్పుడు నిజమే, బయటివాళ్ళని తీసుకునే పోస్టుల్లో సిటిజెన్లకి ప్రాధాన్యం ఉండేది, కానీ 2021లో చట్టం మార్చి పీఆర్‌లని కూడా అదే వరుసలో నిలబెట్టారు. సైన్యంలో కూడా 2022 నుంచి పీఆర్‌లని తీసుకుంటున్నారు. టొరంటో నుంచి కాల్గరీకో, హాలిఫాక్స్ నుంచి వాంకూవర్‌కో ట్రాన్స్‌ఫర్ అయితే పీఆర్ కార్డు దేశమంతా చెల్లుతుంది కాబట్టి అది అర్జెంట్ ఎలా అవుతుందో చెప్పడం ఎవరివల్లా కాదు, అడ్రస్ మారిందని వాళ్ళకి చెప్పుకోవడమే అక్కడ పని. "మా జాబ్‌లో యూరప్ ట్రావెల్ ఎక్కువ, ఇండియన్ పాస్‌పోర్ట్‌తో ప్రతిసారీ వీసా అంటే ప్రాణం పోతోంది" అనే కారణం కూడా వింటుంటాం, బాధ నిజమే, షెంగెన్ అపాయింట్‌మెంట్ కోసం తిరిగినవాళ్ళకి తెలుస్తుంది, కానీ వీసా తీసుకుని వెళ్ళే దారి ఉన్నంతకాలం దాన్ని సౌకర్యం అంటారు గానీ అవసరం అనరు. ఆ వీసా వల్లే క్లయింట్ ప్రాజెక్ట్ నుంచి తీసేస్తున్నారని, ఫలానా తేదీ తర్వాత ఆ పోస్టులో ఉంచలేమని కంపెనీ రాసిస్తే మాత్రం కథ మారుతుంది.

ఆ లెక్కన చూస్తే టీఎన్ కేసు వింతగా బలమైనది. ఎందుకంటే ఇక్కడ సిటిజెన్‌షిప్ అనేది ఎంప్లాయర్ ఇష్టం కాదు, రెండు దేశాల మధ్య ఒప్పందం పెట్టిన షరతు, పీఆర్‌తో అస్సలు కుదరదు. కానీ దీన్ని రాయడానికే చాలామంది భయపడతారు. కెనడా పౌరసత్వం అడుగుతూ, అది రాగానే అమెరికా వెళ్ళిపోతాను అని కెనడా గవర్నమెంట్‌కే రాస్తే ఫైల్ పక్కన పడేస్తారేమో అని. ఈ భయానికి ఒక చరిత్ర ఉంది. 2014లో తెచ్చిన సీ-24 అనే చట్టంలో, పౌరసత్వం వచ్చాక కూడా కెనడాలోనే ఉండే ఉద్దేశం ఉందని అప్లికెంట్ చెప్పాలన్న నిబంధన పెట్టారు, 2015 జూన్ నుంచి అది అమల్లోకి వచ్చింది, అప్పుడే ఉండాల్సిన రోజుల్ని కూడా ఆరేళ్ళలో నాలుగేళ్ళకి పెంచారు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, సీ-6 తెచ్చింది, 2017 జూన్‌లో ఆ ఉద్దేశం నిబంధనని ఎత్తేశారు. అప్పటి నుంచి ఓత్ తర్వాత ఎక్కడ ఉంటారన్నది అర్హతకి సంబంధం లేని విషయం. అయినా పాత రోజుల సలహాలు ఇప్పటికీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి, "అమెరికా మాట ఎత్తొద్దు, ఏదో లోకల్ జాబ్ అని రాయి" అంటూ. ఇది పనికిమాలిన సలహానే కాదు, ప్రమాదం కూడా. సిటిజెన్‌షిప్ అప్లికేషన్‌లో ముఖ్యమైన విషయం గురించి అబద్ధం చెప్పినట్టు తేలితే ఐదేళ్ళ పాటు మళ్ళీ పౌరసత్వం ఇవ్వకుండా ఆపే సెక్షన్ ఉంది, వచ్చాక తేలితే రద్దు చేసే సెక్షన్ వేరే ఉంది. అర్జెంట్ కోసం ఎవరితోనో తయారు చేయించిన ఆఫర్ లెటర్ పెట్టడం అంటే ఆర్నెల్లు మిగుల్చుకుందామని ఐదేళ్ళు పణంగా పెట్టడం.

కంపెనీ లెటర్‌లో ఏముండాలి అన్నది ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం, కానీ దాని మీదే తక్కువ శ్రద్ధ పెడతారు. హెచ్ఆర్ వాళ్ళు మామూలుగా ఇచ్చే ఆఫర్ లెటర్‌లో జీతం, బోనస్, చేరాల్సిన తేదీ, ఇన్సూరెన్స్ ఉంటాయి, పౌరసత్వం గురించి ఒక్క ముక్క ఉండదు. అది చదివిన ఆఫీసర్‌కి అర్థమయ్యేది ఇతనికి మంచి ఉద్యోగం వచ్చింది అని, అంతే. మిస్సిసాగాలో ఉండే ఒక ఫార్మసిస్ట్‌కి బఫెలోలో ఉద్యోగం వచ్చిందనుకుందాం. ఆమె పెట్టాల్సిన లెటర్‌లో ఈ ఉద్యోగాన్ని టీఎన్ స్టేటస్ మీదే ఇస్తున్నాం, టీఎన్‌కి కెనడా పౌరసత్వం తప్పనిసరి, ఆమె ఇప్పుడు పర్మనెంట్ రెసిడెంట్ కాబట్టి అర్హత లేదు, వేరే వీసా స్పాన్సర్ చేయడం మాకు కుదరదు, ఫలానా తేదీలోపు పౌరసత్వం రుజువు చూపించకపోతే ఆఫర్ వెనక్కి తీసుకుంటాం, అని విడివిడిగా ఉండాలి. కంపెనీ లెటర్‌హెడ్ మీద, సంతకం పెట్టినవాళ్ళ హోదా, ఫోన్ నంబరుతో. చివరి తేదీ కూడా నమ్మేలా ఉండాలి, పది రోజుల్లో కావాలంటే అది జరగదని ఆఫీసర్‌కీ తెలుసు, ఏడాది తర్వాత అంటే మరి అర్జెంట్ ఎందుకంటారు. అమెరికన్ ఎంప్లాయర్ల దగ్గర ఇలాంటి లెటర్ రాబట్టడం అంత తేలిక కాదు, "వెనక్కి తీసుకుంటాం" అనే మాట లీగల్ టీమ్ రాయనివ్వదు, అప్పుడు "ఆఫర్ ఈ షరతుకి లోబడి ఉంది, ఈ తేదీ దాటి పోస్టు ఖాళీగా ఉంచలేం" అన్నా పని జరుగుతుంది. దీనికి తోడుగా అప్లికెంట్ సొంత లెటర్ ఒక పేజీ దాటకుండా, అప్లికేషన్ నంబరు, ఏ దశలో ఉంది, ఏం అడుగుతున్నాం అన్నది పై నాలుగు లైన్లలోనే కనపడేలా ఉంటే చాలు. పిల్లల స్కూలు, ఇంటి లోన్, కెనడా మీద ప్రేమ, ఇవన్నీ రాస్తే అసలు పాయింట్ మూడో పేజీకి పోతుంది.

లెటర్ ఎంత బాగున్నా ఫైల్ ఎక్కడ ఆగిందో తెలియకుండా పంపితే ఉపయోగం తక్కువ. అప్లికేషన్ అందిందని అక్నాలెడ్జ్‌మెంట్ రావడం, బ్యాక్‌గ్రౌండ్ చెక్, రోజుల లెక్క చూడటం, భాష, టెస్ట్, ఆఫీసర్ నిర్ణయం, ఓత్, ఈ వరుసలో ఆన్‌లైన్ ట్రాకర్‌లో కనపడతాయి. ఇందులో బ్యాక్‌గ్రౌండ్ చెక్ అనేది ఐఆర్‌సీసీ ఒక్కటే చేసే పని కాదు, ఆర్‌సీఎంపీ (ఫెడరల్ పోలీసు), సీఎస్ఐఎస్ (నిఘా సంస్థ) లాంటి సంస్థల చేతుల్లో కూడా ఉంటుంది, అక్కడ ఆగిన ఫైల్‌కి సిటిజెన్‌షిప్ ఆఫీసర్ అర్జెంట్ ముద్ర వేసినా అవతలివాళ్ళు తేల్చేదాకా ఓత్‌కి పిలవలేరు. దేశ భద్రతకి సంబంధించిన సమాచారం కోసమో, అర్హత మీద విచారణ కోసమో ఫైల్‌ని అవసరమైనంత కాలం ఆపి ఉంచే అధికారం చట్టంలోనే 13.1 సెక్షన్‌లో ఉంది. అదే చెక్‌లన్నీ అయిపోయి, టెస్ట్ పాసయి, నిర్ణయం కోసమో ఓత్ తేదీ కోసమో ఎదురుచూస్తున్న ఫైల్ అయితే అడ్డం ఉన్నది క్యూ మాత్రమే కాబట్టి రిక్వెస్ట్‌కి పని చేసే చోటు అదే. అందుకని ముందుగా ట్రాకర్ చూసుకోవడం, అందులో సరిగ్గా తెలియకపోతే యాక్సెస్ టు ఇన్ఫర్మేషన్ కింద ఫైల్ నోట్స్ తెప్పించుకోవడం, ఆ తర్వాతే వెబ్‌ఫామ్ పంపడం తెలివైన పని. మొదటిరోజే పంపేసి, జవాబు రాలేదని వారానికోసారి అదే మెసేజ్ పంపేవాళ్ళకి దానివల్ల వచ్చేదేమీ ఉండదు.

అమెరికా రాకపోకలు ఎక్కువ ఉన్నవాళ్ళ ఫైల్‌కి ఇంకో చిక్కు ఉంది. వీకెండ్‌కి న్యూజెర్సీ వెళ్ళి వచ్చినవి, డెట్రాయిట్‌లో చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళినవి రాయడం మర్చిపోతారు, కానీ రోడ్డు మీద బోర్డర్ దాటిన ప్రతి రాకపోకనీ 2019 నుంచి రెండు దేశాలూ పంచుకుంటున్నాయి, విమానంలో దేశం దాటి వెళ్ళినవి 2020 నుంచి రికార్డవుతున్నాయి. లెక్కలో తేడా వస్తే ఫైల్ మామూలు వరుస నుంచి తప్పించి అదనపు ప్రశ్నావళి పంపుతారు, అప్పుడు మాత్రం ఏ ఆఫర్ లెటరూ కాపాడదు. సరిగ్గా 1,095 రోజులు పూర్తయిన మర్నాడే అప్లై చేసేవాళ్ళకన్నా ఓ పాతిక ముప్పై రోజులు మిగులు పెట్టుకుని చేసినవాళ్ళ ఫైల్ చివరికి ముందు తేలే అవకాశం ఎక్కువ. తొందర ఉన్నవాళ్ళకి ఇది నచ్చని మాటే.

రిక్వెస్ట్‌కి ఒప్పుకోకపోతే? స్థానిక ఎంపీ ఆఫీసుకి వెళ్ళొచ్చు, వాళ్ళకి ఐఆర్‌సీసీతో మాట్లాడే లైన్ ఉంటుంది, నిర్ణయాన్ని మార్చలేరు గానీ ఫైల్ ఎక్కడుందో కనుక్కోగలరు, కొన్నిసార్లు కదలిక వస్తుంది. ఫెడరల్ కోర్టులో మ్యాండమస్ అని ఒక దారి ఉంది, నిర్ణయం ఏదో ఒకటి తీసుకోమని డిపార్ట్‌మెంట్‌ని కోర్టు ఆదేశించడం. దానికి ఆలస్యం ఆ పనికి మామూలుగా పట్టేదానికన్నా ఎక్కువ అయ్యుండాలి, ఆలస్యానికి అప్లికెంట్ కారణం కాకూడదు, డిపార్ట్‌మెంట్ దగ్గర సరైన సంజాయిషీ ఉండకూడదు. 12 నెలల ప్రమాణం ఉన్నచోట ఏడో నెలలో కోర్టుకి పోతే ఈ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. మూడు నాలుగేళ్ళు ఇరుక్కుపోయిన ఫైళ్ళకి ఇది మందు, రిలొకేషన్ తేదీకి కాదు.

కాబట్టి చాలామందికి పనికొచ్చే ప్రశ్న వేరే ఉంది, సిటిజెన్‌షిప్ రాకుండానే ముందు వెళ్ళిపోవచ్చా అని. కెనడా రూల్స్ ప్రకారం వెళ్ళొచ్చు. అప్లికేషన్ మీద సంతకం పెట్టిన తేదీ తర్వాత రోజుల లెక్క ఆగిపోతుంది, ఆ తర్వాత దేశం బయట ఉన్నా ఆ 1,095 చెడిపోవు. అదే కంపెనీలో గత మూడేళ్ళలో ఏడాది పనిచేసి ఉండి, ఆ కంపెనీ అమెరికా ఆఫీసుకే మేనేజర్‌గానో ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాడిగానో మారుతుంటే ఎల్-1 వీసా ఉంది, ఇండియన్ పాస్‌పోర్ట్ కాబట్టి వీసా స్టాంపింగ్ తప్పదు గానీ సిటిజెన్‌షిప్ కోసం ఆగక్కర్లేదు. అయితే కొన్ని చూసుకోవాలి. పీఆర్ స్టేటస్ ఓత్ వరకు బతికి ఉండాలి, దానికి ఐదేళ్ళలో 730 రోజుల రూల్ ఉంది. ఐఆర్‌సీసీ నుంచి వచ్చే ప్రతి మెయిల్‌కి గడువులోగా జవాబివ్వాలి, స్పామ్‌లో పడి గడువు దాటిపోయిన ఉత్తరాలు ఎన్ని ఫైళ్ళని మూసేశాయో. ఇక ఓత్ సెరిమనీ ఇప్పుడు ఎక్కువగా వీడియోలోనే జరుగుతున్నా ఆ సమయానికి మనిషి కెనడాలోనే ఉండాలి, డాలస్ అపార్ట్‌మెంట్ నుంచి లాగిన్ అయి ప్రమాణం చేయడం కుదరదు. పిలుపు తక్కువ వ్యవధిలో వస్తుంది, దానికి సెలవు, టికెట్ రెడీగా పెట్టుకోవాలి.

అమెరికాలో గ్రీన్‌కార్డ్ మీద ఉండి ఎన్-400 (అక్కడి పౌరసత్వ అప్లికేషన్) వేసినవాళ్ళు ఇదే పద్ధతి పాటిస్తే మాత్రం మునిగిపోతారు. అక్కడ చట్టం ప్రకారం అప్లై చేసినప్పటి నుంచి పౌరసత్వం ఇచ్చే రోజు దాకా కూడా నివాసం తెగకుండా కొనసాగాలి. ఆరు నెలలు దాటి బయట ఉంటే తెగిందేమో అన్న అనుమానం మొదలవుతుంది, ఏడాది దాటితే తెగినట్టే, ముందే ఎన్-470 లాంటి రక్షణ తెచ్చుకుంటే తప్ప. దేశం లోపలే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారినా తంటానే, పది రోజుల్లో అడ్రస్ మార్పు చెప్పాలి, ఫైల్ కొత్త ఊరి ఫీల్డ్ ఆఫీసుకి పోతుంది, అక్కడి క్యూ పొడుగైతే ఇంటర్వ్యూ ఇంకా వెనక్కి పోతుంది. ఎక్స్‌పెడైట్ అడగడానికి యూఎస్‌సీఐఎస్, అంటే అక్కడి ఇమిగ్రేషన్ శాఖ దగ్గర తీవ్రమైన ఆర్థిక నష్టం, మానవతా కారణం, ప్రభుత్వ ప్రయోజనం, వాళ్ళ తప్పిదం లాంటి కొలమానాలు ఉన్నాయి. ఉద్యోగం పోవడాన్ని ఆర్థిక నష్టం కింద లెక్కలోకి తీసుకునే వీలుంది, కానీ అది మీరు ఆలస్యంగా అప్లై చేయడం వల్ల వచ్చిన నష్టం కాకూడదు. ఫెడరల్ ఉద్యోగాలు, సెక్యూరిటీ క్లియరెన్స్ కావాల్సినవి చాలావరకు సిటిజెన్లకే కాబట్టి అక్కడ ఏజెన్సీ రాసిచ్చే లెటర్‌కి విలువ ఎక్కువ.

అమెరికాలో ఇంకొకటి ఉంది, ఉద్యోగ రిలొకేషన్ కోసం చట్టమే స్వయంగా పెట్టిన దారి, దీని గురించి తెలిసినవాళ్ళు తక్కువ. ఇమిగ్రేషన్ చట్టంలో ఆ సెక్షన్‌ని 319(బీ) అంటారు. భార్యాభర్తల్లో ఒకరు ఆల్రెడీ అమెరికన్ సిటిజెన్, వాళ్ళని అమెరికన్ కంపెనీయో దాని సబ్సిడరీయో విదేశంలో పనికి పంపుతోంది, కనీసం ఏడాది పాటు, అప్పుడు గ్రీన్‌కార్డ్ ఉన్న రెండోవాళ్ళు మూడేళ్ళో ఐదేళ్ళో ఆగకుండానే ఎన్-400 వేయొచ్చు. హైదరాబాద్ గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో అమెరికన్ కంపెనీల ఆఫీసులు ఎన్ని ఉన్నాయో చూస్తే ఇది మనవాళ్ళకి ఎంత దగ్గరి విషయమో అర్థమవుతుంది. పోస్టింగ్ ఆర్డర్, కంపెనీ అమెరికన్ యాజమాన్యంలో ఉందన్న రుజువు, తోడుగా వెళ్తామని, పోస్టింగ్ అయ్యాక తిరిగి వస్తామని డిక్లరేషన్ కావాలి, ఇంటర్వ్యూకి, ఓత్‌కి అమెరికాలోనే ఉండాలి. తనంతట తాను ఇండియాలో ఉద్యోగం వెతుక్కుని వెళ్ళేవాళ్ళకి ఇది వర్తించదని వేరే చెప్పక్కర్లేదు.

మళ్ళీ కెనడాకి వస్తే, రిక్వెస్ట్ ఒప్పుకుని ఓత్ ముందుకి జరిగినా జాయినింగ్ తేదీ లెక్కలో ఒక ఖాళీ మిగిలే ఉంటుంది. వీడియో సెరిమనీలో పీఆర్ కార్డుని కెమెరా ముందే ముక్కలు చేయమంటారు. ఆ క్షణం నుంచి ఇండియన్ పాస్‌పోర్ట్ కూడా వాడకూడదు, మన 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం వేరే దేశం పౌరసత్వం తీసుకోగానే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది, పాస్‌పోర్ట్ సరెండర్ చేయాలి. కెనడా పాస్‌పోర్ట్ చేతికి రావాలంటే ముందు సిటిజెన్‌షిప్ సర్టిఫికెట్ రావాలి, ఎలక్ట్రానిక్‌ది ఎంచుకుంటే పోస్ట్ కోసం ఎదురుచూపు తప్పుతుంది, తర్వాత ప్రయాణం రుజువు చూపించి పాస్‌పోర్ట్ ఆఫీసులో అర్జెంట్ సర్వీస్ తీసుకోవచ్చు, దానికి ఎక్స్‌ట్రా ఫీజు ఉంది, డబ్బుతో పని తొందరగా అయ్యే చోటు ఈ మొత్తం దారిలో ఇదొక్కటే. ఈలోగా చేతిలో ప్రయాణానికి పనికొచ్చే కాగితం ఏదీ ఉండదు కాబట్టి ఓత్ జరిగిన వారంలోనే ఊళ్ళో పెళ్ళి ఉందని టికెట్ బుక్ చేసుకున్నవాళ్ళు ఇరుక్కుంటారు, ఇండియా వెళ్ళాలంటే ఇక వీసానో ఓసీఐ కార్డో (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చేది) ఉండాలి, ఓసీఐకి ముందు సరెండర్ సర్టిఫికెట్ కావాలి, దానికి పట్టే టైము దానికే ఉంటుంది. పల్లెలో పొలం కొనాలన్న ఆలోచన ఉంటే అది కూడా ఓత్‌కి ముందే తేల్చుకోవాలి, ఓసీఐ వాళ్ళు వ్యవసాయ భూమి కొనకూడదు.

కుటుంబం మొత్తానికి కలిపి అప్లై చేసినప్పుడు ఒకరి ఫైల్ ఆగితే మిగతావీ ఆగే ప్రమాదం ఉంది, ఉద్యోగం ఉన్నవాళ్ళ ఫైల్‌ని విడదీయమని రిక్వెస్ట్‌లోనే రాయడం మంచిది. ఎందుకంటే టీఎన్‌కి కెనడియన్ కావాల్సింది ఉద్యోగం చేసేవాళ్ళు ఒక్కరే, భార్య లేదా భర్త, పిల్లలు ఏ దేశం పాస్‌పోర్ట్ మీద ఉన్నా టీడీ మీద, అంటే టీఎన్ ఉన్నవాళ్ళ కుటుంబానికి ఇచ్చే స్టేటస్ మీద వెళ్ళొచ్చు. కాకపోతే ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే కాన్సులేట్‌లో టీడీ వీసా స్టాంపింగ్ చేయించుకోవాలి, ఆ అపాయింట్‌మెంట్ కోసం ఆగాలి, పైగా టీడీ మీద ఉద్యోగం చేయకూడదు. ఇద్దరూ సంపాదిస్తున్న ఇంట్లో ఒకరి జీతం ఆగిపోతే ఆ అమెరికా ఆఫర్ నిజంగా ఎంతకి తేలుతుందో, ఐఆర్‌సీసీకి లెటర్ రాయడానికి ముందే ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవడం నయం.